గంటకు ఎన్ని పెట్టెలు?

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఎంబీఏ కాలేజీ మూతపడింది. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం దేనికని గడ్డిఅన్నారంలో రాకేష్ గారి బత్తాయిల షెడ్డులో పనికి చేరాను. మూడో రోజే ఆయన నన్ను పిలిచాడు.

"సౌజన్యా, నువ్వు గివన్నీ సదువుతున్నవ్ గదా. అరుణమ్మ పని జర టైం పెట్టి చూడు. గంటకు పది పెట్టెలు సర్దకుంటే సోమవారం నుంచి రావొద్దని చెప్త."

అరుణమ్మకు అరవై దాటాయి. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, బత్తాయిలు సైజుల వారీగా ఏరి పెట్టెల్లో సర్దుతూ పదిహేనేళ్లుగా బతుకుతోంది. ఈ కూలి పోతే ఆమెకు ఇంకో దారి లేదు. పుస్తకంలో చదివిన పని కదా అని నేను మాత్రం హుషారుగా ఫోన్‌లో గడియారం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. గంటలో పద్నాలుగు పెట్టెలు! నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టాను.

చెప్పగానే రాకేష్ కళ్లు మెరిశాయి.

"ముసలామెనే పద్నాలుగు చేస్తే మిగిలినోళ్లకేం రోగం? సోమవారం నుంచి అందరికీ పదహారు. చేతగానోళ్లు ఇంటికే."

షెడ్డులో మిగతా ఏడుగురి ముఖాలూ మాడిపోయాయి. నాకేం అర్థం కాలేదు. వాళ్లలో పెద్దవాడు భిక్షపతిని అడిగాను.

"మేమే కాయలు ఏరి ఆమె ముంగట పెట్టినం అమ్మా. సమ్మెల ఒకరికొకరం నిలబడాలె అంటున్నరు గదా, నిలబడ్డం. గిట్లయితదని ఎవలకెరుక?"

నేను గడియారం చూశాను గానీ చేతులు చూడలేదు. సిగ్గేసింది.

శనివారం అరుణమ్మే నా దగ్గరకు వచ్చింది.

"మళ్ల చూడు బిడ్డా. ఈసారి ఎవ్వలూ చెయ్యి పెట్టరు."

"నీ పని పోతది కదమ్మా?"

"పోనీ. ఇంతమంది ఉసురు నాకొద్దు."

ఏడుగురూ దూరంగా నిలబడి చూశారు. గంటలో ఎనిమిది పెట్టెలు.

ఎల్బీనగర్‌లో రాస్తారోకో వల్ల రాకేష్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండు గంటలూ నా తల గానుగెద్దులా తిరిగింది. పద్నాలుగు ఉంచితే అందరూ మునుగుతారు, ఎనిమిది అంటే ఈమె ఒక్కతే మునుగుతుంది. ఏది న్యాయం? చివరికి ఉన్నదున్నట్టు చెప్పడమే ధర్మమనుకుని ఎనిమిదే రాసిచ్చాను, మొదటి లెక్క ఎలా వచ్చిందో కూడా చెప్పేశాను. రాకేష్ కాసేపు తిట్టి, పదహారు తీసేసి అందరికీ పదే ఖాయం చేశాడు. అరుణమ్మను ఇక రావొద్దన్నాడు.

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. బస్సుల్లేవు, కొత్తపేట వైపు నడుచుకుంటూ పోయింది.

భిక్షపతి నా దగ్గరకు వచ్చాడు. అందరి పనీ నిలబెట్టాను కదా, ఓ మంచి మాట అంటాడనుకున్నాను.

"ఎనిమిదెందుకు రాసినవమ్మా?"

"గంటలో అన్నే అయినయి కదా."

"నీ ఫోన్ ఆయన చూసిండా? పది రాస్తే నీ సొమ్మేం పోయేది?"

పది రాస్తే ఎవరి పనీ పోయేది కాదు. ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా నాకది తోచలేదు.