అక్క గదికి రెండో గోడ

పిచ్చుక నోట్లోంచి మాట రావాలంటే పొద్దున అడిగితే సాయంత్రానికి వచ్చేది. పదిహేనేళ్లొచ్చినా పిడికెడంత ఉంటుందని అక్క పెట్టిన పేరది. అక్కదేమో గొంతును నమ్ముకున్న బతుకు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు పైకి చదివి, ఇంట్లోనే రికార్డు చేసి పంపుతుంది.

ఇల్లేమో సరిగ్గా వీధి నెత్తిన ఉంది. కింద వెల్డింగు షాపు, ఎదురుగా బస్టాపు, పై అంతస్తులో పొద్దస్తమానం తాడుతో గెంతే మాస్టారు.

"ఆయన బరువు తగ్గడమేమో గానీ మన సున్నం మాత్రం రాలిపోతోంది" అనేది అక్క.

వెనక చప్పుళ్లున్నాయని రెండు అధ్యాయాలు తిరిగొచ్చాయి. మూడోది కూడా వస్తే పని ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆ పని పోతే అక్కాచెల్లెళ్లిద్దరికీ ఐదు వేళ్లూ నోట్లోకి వెళ్లడం కష్టం.

అందుకని వడ్రంగి బాబాయిని పిలిచారు. వరసకు బాబాయేమీ కాదు, మీసాల్లో ఎప్పుడూ రంపప్పొట్టు ఉండే పెద్దమనిషి. కిటికీకి రెండో అద్దం బిగించాడు. తలుపు అంచుల చుట్టూ రబ్బరు పట్టీ అంటించాడు. పైకప్పు కింద ఇంకో కప్పు వేలాడదీశాడు. ఐదో రోజుకి బస్సులు మూగబోయాయి. మాస్టారి గెంతులు ఎక్కడో దూది మీద పడుతున్నట్టున్నాయి.

అక్క తలుపు మూసి చదవడం మొదలుపెట్టింది. మూలన కూర్చుని పిచ్చుక లెక్కలు చేసుకుంటోంది. నాలుగు కావస్తుండగా అక్క గొంతు వాక్యం మధ్యలో ఆగిపోయింది.

టక్.

ఒక్కసారే. ఇంతకుముందు వీధి రొదలో సగం మునిగిపోయి వినబడే చప్పుడు, ఇప్పుడు చెవి పక్కనే పడ్డంత స్పష్టంగా ఉంది.

అక్క బయటికెళ్లి, "ఆ గోడొకటి మిగిలింది బాబాయ్. దానికీ వేసెయ్" అంది.

"అటుపక్క ఎవరుంటారమ్మా?"

"ఎవరూ ఉండరు. అదీ మా గదే."

అది అమ్మ గది. అమ్మ పోయి పదకొండు నెలలైంది. జబ్బు మొదట గొంతునే తీసుకుపోవడంతో, మంచంలో పడుకుని దువ్వెన వెనకవైపుతో గోడ తట్టి పిలిచేది. మూడుసార్లు తడితే పక్కకు తిప్పమని. రెండుసార్లయితే మంచినీళ్లు. ఒక్కసారైతే ఏమీ లేదు, ఊరికే రమ్మని.

ఆమె పోయిన పది రోజులకే ఆ ఒక్క తట్టు మొదలైంది. రోజూ నాలుగింటి ప్రాంతంలో వచ్చేది. వినగానే పిచ్చుక వెళ్లి ఖాళీ మంచం మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఆ గదిలోనే కాచుకుని కూర్చుంటే మాత్రం రాదు. ఇవతల ఉంటేనే వస్తుంది. పక్కనే ఉన్నవాళ్లను ఎవరు పిలుస్తారు? ఆ పిల్లకు తట్టు వస్తే భయం లేదు, రాకపోతేనే భయం. అక్కతో ఎప్పుడూ అనలేదు. అక్కా అనలేదు.

బాబాయి చట్రం నిలబెడుతూ చెప్పాడు: "కొత్త గోడ పాత గోడను ముట్టుకోకూడదు తల్లీ. మధ్యలో వేలెడు ఖాళీ ఉండాలి. ఒక్క స్క్రూ రెండిటినీ కలిపిందా, దాన్ని పట్టుకుని చప్పుడు నడిచొచ్చేస్తుంది. నా కష్టమంతా బూడిదలో పోసినట్టే."

ఆ మాట పిచ్చుక బుర్రలో దిగబడిపోయింది. మర్నాడు బాబాయి భోజనానికి, అక్క బజారుకి వెళ్లినప్పుడు డబ్బాలో అన్నిటికన్నా పొడుగు స్క్రూ ఏరింది. ఐదు రోజులుగా చూస్తున్న పనే కాబట్టి డ్రిల్లుతో నేల దగ్గర, మూలగా రంధ్రం చేసి, పాత గోడలోకి దిగేదాకా బిగించింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. రంధ్రం కనబడకుండా పైన మెత్తిన పుట్టీ ముద్ద ఆరేలోపే పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

పని పూర్తయిన రోజు సరిగ్గా నాలుగింటికి, టక్.

"ఇంకా చప్పుడొస్తోంది బాబాయ్" అంది అక్క.

"ఎలా వస్తుందండీ!" బాబాయికి తల కొట్టేసినట్టయింది. స్క్రూడ్రైవరు మొన గోడకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగిని చూసే డాక్టరులా గోడంతా వెతికాడు. చివరికి మూల దగ్గర గొంతుక్కూర్చుని ముద్ద గీకాడు.

"ఇది నాది కాదు. ఇంత పొడుగుది నేనెందుకు వేస్తాను? ఎవడో దొంగ వడ్రంగి పని!"

పిచ్చుక చెయ్యి వెనక్కి దాచుకుంది. అక్క చూసింది.

"నువ్వేనా?"

తల ఊపింది.

"ఎందుకే?"

"అమ్మ పిలిస్తే వినపడాలి కదక్కా."

బాబాయి స్క్రూడ్రైవరు నేలమీద పెట్టి, "నేను టీ తాగొస్తానమ్మా" అంటూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అక్క అక్కడే చతికిలబడింది. "నీక్కూడా వినిపిస్తోందా? నాకొక్కదానికే అనుకున్నా."

తర్వాత గోడను చూస్తూ చెప్పింది. "అమ్మ పోయిన రోజు నువ్వు బడికెళ్లావు. ఒక్కసారి తట్టింది. నాకు వినిపించింది పిచ్చుకా. ఒక్కటే కదా, ఊరికే రమ్మనే కదా, ఈ పేజీ అయ్యాక వెళ్దాంలే అనుకున్నా. పేజీ అయింది. వెళ్లాను."

పిచ్చుక ఆమె పక్కకు జరిగింది.

"తర్వాతెప్పుడైనా ఆ గదిలోకి వెళ్లావా?"

"లేదు."

తను రోజూ వెళ్తున్నా పిలుపు ఎందుకు ఆగలేదో పిచ్చుకకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తనదనుకుంది. తనది కాదు. అయినా స్క్రూడ్రైవరు అక్క వైపు నెట్టి, "తీసెయ్యక్కా, కావాలంటే. ఉంచితే నీ పని పోతుంది" అంది.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. స్క్రూ తల మీద పెట్టింది.

టక్.

అంతకుముందే పిలిచింది కదా. ఒకే రోజు రెండోసారి పిలవడం ఎన్నడూ లేదు. అక్క స్క్రూడ్రైవరు వదిలేసి లేచింది. అమ్మ గదిలోకి వెళ్లింది. రబ్బరు పట్టీ తలుపు ఆమె వెనకే మెత్తగా మూసుకుంది.

గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పిచ్చుకకు తన గుండె తనకే వినిపించింది. నేలమీద పడుకుని చెవిని స్క్రూకు ఆనించింది. మంచం కిర్రుమంది. అక్క ఏదో అంటోంది. పుస్తకాలు చదివే గొంతు కాదది, చిన్నపిల్ల గొంతు. కాసేపటికి అదీ ఆగింది.

అప్పుడు వచ్చింది. టక్. టక్.

రెండు.

పిచ్చుక లేచి వంటింట్లోకి పరుగెత్తింది. గ్లాసు కడిగి నీళ్లు నింపి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని, అమ్మ గది తలుపును భుజంతో నెట్టింది.