ఆయిల్ ఎక్కేదాకా

ఆదివారం పొద్దున్నే తమ్ముడు కొత్త బ్యాటరీ, ఆయిల్ డబ్బా, పనిముట్ల పెట్టె వేసుకుని దిగేసరికి టైలరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తమ్ముడు మెకానిక్. వాడు ఊరికే వచ్చే రకం కాదు, అక్కని చూడ్డానికి వస్తే పెట్టె తెచ్చే రకం అంతకంటే కాదు.

"బావ ఫోన్ చేశాడక్కా. కారు స్టార్ట్ చెయ్యాలంట," అన్నాడు వాడు చెప్పులు విడుస్తూ.

ఆమె భర్త ముప్పై ఏళ్లు టాక్సీ తోలాడు. పద్నాలుగు నెలల కిందట ఒకే పూటలో ఆయన కుడి చెయ్యి, కుడి కాలు చెప్పిన మాట వినడం మానేశాయి. నోటిదీ అదే వరస. మాటలు లోపల ఉన్నాయని కళ్లు చెబుతాయి గానీ బయటికి ఒక్కొక్కటే, దారి తప్పినట్టు వస్తాయి. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆ రోజు నుంచి కారు రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. అలాంటి మనిషి ఎవరికీ చెప్పకుండా ఫోన్ చేశాడంటే దాని వెనక ఎంత పంతం ఉందో ఆమెకి తెలుసు.

తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తులేదంది. ఆమె అబద్ధాలు తమ్ముడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. వాడు తిన్నగా వెళ్లి కుట్టుమిషను సొరుగు లాగి, గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. ఆమె వాడి వెనకే షెడ్డు దాకా నడిచి, రేపు ఆయన మళ్లీ తోలతానంటే ఎవరిది పూచీ అని గొంతు తగ్గించి దులిపేసింది. ఇంజనుని బతికించడం వరకే తన పని, మిగతాది మీ ఆలుమగల గొడవ అన్నాడు వాడు.

ఆయన అప్పటికే కుర్చీ వేయించుకుని, చేతికర్ర రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని షెడ్డులో కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఎడమ చేత్తో గీసుకున్నందుకు చెవి కింద కొంచెం మిగిలిపోయింది.

తమ్ముడు కొత్త బ్యాటరీ బిగించి, పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాడు. కారు కిందకి దూరి నట్టు విప్పితే పాత ఆయిలు నల్లగా, బద్ధకంగా, తీగలా సాగుతూ పళ్లెంలోకి దిగింది. కొత్త ఫిల్టరు తీసుకుని అందులో నిండా ఆయిలు పోసి మరీ బిగించాడు. ఇంజను నిండా ఆయిలు పోశాక కూడా తాళం తిప్పలేదు. ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఆయిలు వేసి, పెట్రోలు పంపు ఫ్యూజు లాగి జేబులో వేసుకున్నాడు.

ఇదంతా ఎందుకని అడిగింది ఆమె, అడగకూడదనుకుంటూనే.

"ఇన్నాళ్లకి ఆయిలంతా కిందకి జారిపోయుంటుందక్కా. లోపల ఇనుము మీద ఇనుము పొడిగా ఉంటుంది. ఇప్పుడే స్టార్ట్ చేస్తే ఒకదాన్నొకటి గీరేసుకుంటాయి. ముందు నిప్పు లేకుండా ఊరికే తిప్పాలి, ఆయిలు పైదాకా ఎక్కాలి. ఆ తర్వాతే స్టార్టింగు." వాడు చేతులు తుడుచుకుని డ్రైవరు సీటు తలుపు తీశాడు. "ఎక్కు. నేను ఇంజను చూసుకోవాలి. బావ చేతికి తాళం తిరగదు."

పెళ్లయినప్పటి నుంచీ ఆమెకి పక్క సీటే తెలుసు. ఆయన బరువుకి గుంటపడిన ఆ సీట్లో కూర్చుంటే ఇంకొకరి చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టు ఉంది. స్టీరింగు వెనక ఎర్రగా ఆయిల్ బొమ్మ దీపం వెలుగుతుందని, ఆయిలు ఎక్కితే అది ఆరుతుందని, ఆరగానే చెప్పమని, ఐదు లెక్కపెట్టేదాకానే తిప్పమని తమ్ముడు చెప్పాడు.

ఆమె తిప్పింది. ఇంజను రొప్పినట్టు తిరిగింది గానీ దీపం చెక్కుచెదరలేదు. అర నిమిషం ఆగి మళ్లీ తిప్పింది. లాభం లేదు. మూడోసారీ అంతే. తమ్ముడు తల గోక్కున్నాడు. ఆమె మనసులో ఒక మూల, ఈ దీపం ఇలాగే ఉండిపోతే బాగుండుననుకుని, వెంటనే సిగ్గుపడింది.

ఆయన చేతికర్రతో బానెట్ మీద తట్టాడు. "పం... పంపు," అన్నాడు. తర్వాతి మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. ఎవరూ అందించలేదు. "గాలి."

తమ్ముడి మొహం విచ్చుకుంది. ఆయిల్ పంపు పూర్తిగా ఎండిపోయి గాలినే పీలుస్తోందని బావ అంటున్నాడు. వాడు ఆయిల్ ప్రెషర్ స్విచ్చి విప్పి, ఆ రంధ్రానికి గొట్టం బిగించి, పిడి నొక్కితే ఆయిలు చిమ్మే క్యాను తగిలించాడు. నొక్కబోతుంటే ఆయన చెయ్యి చాపాడు. కుడి చెయ్యి.

ఆ చెయ్యి కోసమే ఆసుపత్రివాళ్లు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. నేనేమైనా చంటిపిల్లాడినా అన్నట్టు ఆయన దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. ఇప్పుడు క్యాను పిడి చుట్టూ వేళ్లని ఎడమ చేత్తో ఒక్కొక్కటీ మడిచిపెట్టుకుని నొక్కాడు. పిడి సగమే దిగింది. ఆమె సాయం పట్టడానికి సీటు దిగబోయింది. తమ్ముడు కళ్లతోనే వద్దన్నాడు.

"ఒకటి," అన్నాడు ఆయన. "రెండు."

ఒక్కో నొక్కుకీ నుదుటి మీద నరం ఉబ్బుతోంది. ఇరవై దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. నలభై దగ్గర చెమట కళ్లలోకి దిగితే తమ్ముడు తువ్వాలుతో తుడిచాడు. ఒక్కొక్కటిగా అరవై దాకా, ఒక్క అంకె కూడా తడబడకుండా లెక్కపెట్టాడని ఆమెకి ఆలస్యంగా తట్టింది. అద్దం వెనక కూర్చుని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్విచ్చి మళ్లీ బిగించాక ఆమె తాళం తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఎర్ర దీపం రెపరెపలాడి పోయింది. ఆమె నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు.

"ఏమైందక్కా, ఆరిందా?"

"కొండెక్కింది," అంది.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఆయనా నవ్వాడు. మూతి ఒక పక్కకే లాగింది గానీ అది ఆయన నవ్వే.

ప్లగ్గులూ ఫ్యూజూ మళ్లీ పెట్టి నిజంగా స్టార్ట్ చేసినప్పుడు కారు రెండుసార్లు దగ్గి అందుకుంది. గుప్పున పొగ వచ్చి తేలిపోయింది. దీపం మళ్లీ రాలేదు. ఆయన కర్ర పోటేసుకుంటూ కారు చుట్టూ తిరిగి రావడం ఆమె అద్దంలో చూసింది. సీటు ఇమ్మంటాడు. ఇవ్వకూడదు. ఆమె స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది.

"నేను దిగనండి. మీరేమన్నా సరే."

ఆయన పక్క సీటు తలుపు తీసి, ముందు కాలు లోపల పెట్టుకుని, మెల్లగా కూలబడ్డాడు. "దిగకు," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. తమ్ముడు బానెట్ వెనక నుంచి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. బావ వారంలో మూడుసార్లు ఫోన్ చేశాడట. 'అక్కకి నేర్పాలి' అనే రెండు ముక్కలు చెప్పడానికి అరగంట పట్టిందట.

ఆమె యూనిఫారాలు కుట్టే కంపెనీకి రోజూ రెండు బస్సులు మారి వెళ్తుంది. కాళ్లు వాచిన సంగతి ఇంట్లో ఎప్పుడూ అనలేదు. ఆయన పడుకున్నాకే వేణ్నీళ్లలో పాదాలు పెట్టుకునేది.

"రెండు బస్సులు," అన్నాడు ఆయన. "నిలబడి. నాకు తెలుసు."

"నాకు డ్రైవింగు రాదు కదండీ."

"నాకు... వచ్చుగా."

ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన ఎడమ చెయ్యి చాపి, ఇంజను ఆపమన్నట్టు తాళం వైపు చూపించాడు. కాసేపాగి తమ్ముడు ఇంజనులోంచి ఆయిలు కొలకర్ర తీసి చూశాడు. ఖాళీ గొట్టాలన్నీ తాగింది తాగగా మట్టం కాస్త తగ్గింది. ఇంకో గ్లాసెడు పోశాడు. బ్రేకులు, టైర్లు సరిచూడకుండా గేటు దాటనివ్వనని ఇద్దరికీ వేలు చూపించి చెప్పాడు.

నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. గేటు స్తంభానికి రెండుసార్లు రాసింది. ఒకసారి కోపమొచ్చి కారు నడిరోడ్డు మీద వదిలేసి ఇంటికి నడక మొదలెట్టింది, ఆయన్ని అందులోనే ఉంచి. పది అడుగులు వేశాక గుర్తొచ్చి పరిగెత్తింది. ఆయన చెప్పేవి మూడే మాటలు: మెల్లగా, అద్దం, వదులు. క్లచ్చునా బ్రేకునా, దేన్ని వదలాలో మొదట్లో తెలిసేది కాదు, తర్వాత తెలిసింది.

లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆయన్ని ఎక్కించుకుని ఊరు దాటి టీ కొట్టు దాకా వెళ్లింది. వెళ్లేటప్పుడు మూడో గేరు దాటనివ్వలేదు ఆయన. టీ తాగి తిరిగొస్తుంటే రోడ్డు ఖాళీగా ఉంది. నాలుగో గేరు వెయ్యమని ఆయనే అన్నాడు.