అంచు మట్టి

శ్యామలాంబ మినుము మొక్క ఒకటి పీకి, వేరుకంటిన మట్టిని నీళ్ళలో జాడించింది. వేరు తెల్లగా, నున్నగా, దారప్పోగులా బయటపడింది. ఒక్క బుడిపె లేదు. వరసగా ఇది రెండో ఏడు.

ఆ రెండెకరాలూ తొమ్మిదేళ్ళ పాటు రొయ్యల చెరువు. భర్త పోయాక గట్లు కొట్టించి, చదును చేయించి మళ్ళీ చేను చేసింది. వానలకీ కాలువ నీటికీ ఉప్పు కడుక్కుపోయింది. వరి బాగానే పండింది. కోతల ముందు చల్లిన మినుము మాత్రం మొలిచిన నెల లోపే పసుప్పచ్చగా పాలిపోతోంది.

నిరుడు రైతు సేవా కేంద్రం నుంచి వచ్చిన హారతి ఇలాగే ఓ మొక్క పీకి చూపించింది.

"గాలిలో నత్రజనిని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవి ఒకటుంటుందండి. వేరు దాన్ని పిలుస్తుంది. అదొస్తే బుడిపె కట్టి చోటిస్తుంది, తిండి పెడుతుంది. మీ చేలో వేరు పిలుస్తూనే ఉందండి. పలికేదే లేదు."

"ఎక్కడ దొరుకుతుందమ్మా అది?"

"పెనుగొండలో ప్యాకెట్లు అమ్ముతారండి. లేదంటే ఏటా మినుము పండే చేలోంచి నాలుగు తట్టల మట్టి తెచ్చి, విత్తనంతో పాటు చల్లండి. పక్క చేను ఎవరిదండీ?"

శ్యామలాంబ అటు చూడకుండా ఆ మొక్క అందుకుంది. పక్క చేను చెల్లెలు రత్నమాణిక్యానిది. ఒకే చేనుకి నడుమ గట్టు వేసి తండ్రి ఇద్దరికీ పంచాడు. అక్క వాటా చెరువైన ఏడాదే ఉప్పునీరు గట్టు కిందుగా ఊరి చెల్లెలి చేలోకి పాకింది. వచ్చి అడిగితే, "నీ చేను నువ్వు చూసుకోవే" అంది శ్యామలాంబ. ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట. పదకొండేళ్ళయింది.

బస్సెక్కితే గంటలో ప్యాకెట్ చేతిలో ఉండేది. ఆమె ఎక్కలేదు. ఎందుకని తనని తాను అడగబోయినప్పుడల్లా మనసు ఇంకేదో పని గుర్తు చేసేది. ఆమెకి ఆ చేలో మట్టే కావాలి. అడగకుండా కావాలి. కార్తీకంలో ఓ మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, గట్టు వారన చెల్లెలి వరి మొదళ్ళ మధ్య నుంచి నాలుగు తట్టలు తవ్వుకొచ్చింది. ఇంటికొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కోబుద్ధి కాలేదు.

విత్తనంతో పాటు చల్లిన ఆ మట్టి కూడా పలకలేదు.

ఇప్పుడు పాలిపోయిన మొక్క చేత్తో పట్టుకునే గట్టెక్కింది. కోతలయ్యాక చెల్లెలి చేను నిండా మినుము కమ్ముకుని ఉంది. గట్టు పొడుగునా మాత్రం, రెండు బారల వెడల్పున, గరిక తప్ప ఏమీ లేదు. తను తవ్వింది సరిగ్గా అక్కడే. ఉప్పు ఊరిన ఏటి నుంచి చెల్లెలు ఆ అంచున మినుము చల్లడమే మానేసింది. వరి ఉన్నప్పుడు అంతా ఒకేలా కనబడింది. పదకొండేళ్ళుగా కళ్ళెదుటే ఉన్న చార. అటు చూడడం మానేసిన మనిషికి ఎలా కనబడుతుంది?

ఇంటికెళ్ళి ఖాళీ తట్ట తెచ్చుకుని గట్టు దిగింది. కలుపు తీస్తున్న రత్నమాణిక్యం నడుం ఎత్తింది.

"ఏం కావాలండీ?"

దారి తప్పి వచ్చినవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"మట్టి" అంది శ్యామలాంబ.

"మళ్ళీనా? కార్తీకంలో గోతులు చూసి పందికొక్కులనుకున్నాను. పక్కనే తట్ట అడుగు అచ్చు పడి ఉంది. తట్ట పట్టుకొచ్చే పందికొక్కుని నేనెక్కడా చూళ్ళేదండి."

శ్యామలాంబకి నవ్వొచ్చింది. నవ్వితే వెనకాలే ఏడుపొస్తుందని ఆపుకుంది.

"అంచు మట్టి పట్టుకెళ్ళాను. అది చచ్చిపోయిన మట్టని తెలీలేదు."

"ఎవరు చంపారో తెలుసా మరి?"

"నేనే."

ఇన్నేళ్ళూ లోలోపల తిప్పి తిప్పి సిద్ధం చేసుకున్న మాటల్లో ఇది లేదు. చెరువు ఆయన తవ్వించాడు, నా మాట ఎవరు విన్నారు, అన్నవే ఉన్నాయి.

రత్నమాణిక్యం చేతిలోని కలుపు మొక్కకి మట్టి దులుపుతూ నిలబడింది. దులపడానికి మట్టేమీ మిగలకపోయినా దులుపుతూనే ఉంది.

"చేను నడుమకెళ్ళి తీసుకోండి. ఎండ తగలనివ్వకండి, ప్రాణమున్న మట్టి" అని, తల మీది తడి తువ్వాలు తీసి గట్టున పడేసి, మళ్ళీ వంగింది.

శ్యామలాంబ చేను నడుమ గొంతుక్కూర్చుని తవ్వింది. మట్టితో పాటు తెగిన వేరొకటి వచ్చింది. దాని నిండా ఆవగింజలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. తట్ట నింపి, తువ్వాలు కప్పి, గట్టు దాకా వచ్చి ఆగింది. అవతల తన రెండెకరాలు. ఈ మట్టి కలిపి ఫిబ్రవరిలో పెసలు చల్లుకోవడానికి ఇంకా అదనుంది. పాదాల కింద గరిక చార.

తట్టని అక్కడే, చెల్లెలి అంచునే, గుమ్మరించింది. కూర్చుని గరిక పీకుతూ ఆ మట్టిని చేతులతో కలపసాగింది. వెనక అడుగుల చప్పుడు దగ్గరకొచ్చినా తలెత్తలేదు.

"ఇంత పొడుగు అంచుకి ఒక్క తట్టేం సరిపోద్దీ?" అంది రత్నమాణిక్యం. ఖాళీ తట్ట అందుకుని నడుమకేసి నడుస్తూ, "ఆ గరిక వేళ్ళతో సహా తియ్యి. పైపైన కాదు" అంది.

'అక్కా' అన్న పిలుపు కోసం శ్యామలాంబ చేతులు కాసేపు ఆగాయి. రాలేదు. గరిక వేళ్ళు లోతుగా ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని లాగింది.