కాళ్లవైపు దుప్పటి

ఆయా దుప్పటిని తలవైపు బిగించి, రెండు పక్కలా మడిచి పరుపు కిందికి దోపింది. కాళ్లవైపు మాత్రం ఎప్పటిలాగే వదిలేసింది. పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రిలో పక్కలు వేస్తున్న మనిషికి దోపడం రాదనుకుంటే పొరపాటే.

"మళ్లీ వదిలేశావా? నీకు చెప్పడమూ, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే," అంది పెద్దనర్సు.

ఆ గదిలో మందు పరిశోధన జరుగుతోంది. చావు భయంతో కుంగిపోయిన రోగులకు పుట్టగొడుగు నుంచి తీసిన మాత్ర ఇస్తారు. వాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని, పగలంతా ఆ మత్తులో ఏవేవో చూసి, సాయంత్రానికి తేలికపడి లేస్తారు. ఆ పుట్టగొడుగు ఆయా వాళ్ల కొండజనానికి తరతరాలుగా తెలుసు. దాన్ని దాచిందనే వాళ్లమ్మను పోలీసులు నడివీధిలో కొట్టారు. అమ్మ బుట్టలో ఉంటే నేరమట, డాక్టరమ్మ బీరువాలో ఉంటే వైద్యమట! నవ్వాలో ఏడవాలో తెలియక ఆయా గది తుడుచుకునేది.

ఆ కొండజనంలో అది తిన్నవాడి కాలి బొటనవేలు పట్టుకుని అయినవాళ్లొకరు కూర్చుంటారు. మనిషి ఎంత దూరం పోయినా ఆ పట్టు వెంటే వెనక్కి వస్తాడని నమ్మకం. ఇక్కడ పట్టుకునేవాళ్లు లేరు. కనీసం చోటైనా ఉండనీ అని ఆయా దుప్పటి వదిలేది.

పై అంతస్తులో ఆమె అన్న ఉన్నాడు. కడుపులో క్యాన్సర్. కళ్లు మూస్తే భయం. అతనికి ఆ మాత్ర ఇప్పించి, పక్కన తాను కూర్చోవాలని ఆయా మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగింది. డాక్టరమ్మ సరేనంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ! రోగిని అడగాల్సిన ప్రశ్నల కాగితాలు అతని భాషలో లేవని పరిశోధన కమిటీ ఆపేసింది. ఆయా రోజూ తిండి వేళ మానుకుని ఒక్కో ప్రశ్నా తమ భాషలో చెప్పి రాయించింది. చివరికి ఇవాళ ఒప్పుకున్నారు. రేపు అన్న వంతు. ఈ పక్క అతనికే వేసింది.

మధ్యాహ్నం కబురు చెబుదామని పరుగున మెట్లెక్కింది. అన్నకు అప్పటికే ఎగశ్వాస మొదలైంది.

"రేపేనన్నా! ఒక్కరోజు ఓర్చుకో."

"భయమేస్తోందే చెల్లీ. వేలు పట్టుకో."

మందు లేకుండానే పట్టుకుంది. వేలు చల్లగా ఉంది. ఆమెకు మిగిలిన తోడబుట్టినవాడు అతనొక్కడే. చిన్నప్పటి అల్లరి పనులన్నీ ఒక్కొక్కటే చెబుతూ కూర్చుంది. మూడున్నరకు అతని నుదుటి ముడి విడింది. తాను పట్టుకున్నంతసేపూ అన్న వెళ్లలేడని ఆమెకు తెలుసు. వదలబుద్ధి కాలేదు.

"నేనిక్కడే ఉన్నా. నువ్వు పోయిరా అన్నా," అని వేలు వదిలింది.

సాయంత్రం గదికి తాళం వేయడానికి వచ్చిన పెద్దనర్సు, అలవాటు కొద్దీ దుప్పటి దోపబోయి, ఆయా అన్న మధ్యాహ్నం పోయిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. తెల్లటి పక్కమీద, కాళ్లవైపు, ఒక చెయ్యి దూరేంత మేర దుప్పటి తెరిచి ఉంది.