జక్రయ్య తాగని సారా

"నేను ఒకప్పుడు త్రాగుబోతును. చీకటిలో నడిచితిని..."

శాంతి చదవడం మొదలుపెట్టిందో లేదో, జక్రయ్య పేనుతున్న నులక తాడు విసిరికొట్టాడు.

"మళ్లీ తాగించావా నా చేత?"

ఇది మూడోసారి. రేపు ఆదివారం చర్చి నలభయ్యేళ్ల పండగ. పెద్దలంతా తమ సాక్ష్యం రాసిస్తే చదివించి, పుస్తకంలో అచ్చు వేయిస్తామన్నారు పాస్టరుగారు. జక్రయ్యకు అక్షరాలు కూడబలుక్కోవడమే గాని రాయడం రాదు. కూతురు టీచరు ట్రైనింగు చదువుతోంది కదా అని కూర్చోబెట్టాడు. ఆ పిల్ల కలం పట్టినప్పుడల్లా ఆయన తాగుబోతయి కూర్చుంటున్నాడు.

"సాక్ష్యమంటే అట్లాగే ఉంటది నాన్నా. ముందు పాపం, తర్వాత రక్షణ. సాల్మన్ బాబాయి ఏటా అదేగా చెప్పేది!"

"వాడు తాగాడు, వాడు చెబుతాడు. నా నోట్లో చుక్క పడిందా?"

"పోనీ పేకాట?"

జక్రయ్య గుడ్లురిమాడు.

"ఒక్క పాపమన్నా చెయ్యలేదా? ఎట్లా చచ్చేది నీతో!"

పొయ్యి దగ్గర నుంచి జయకుమారి అందుకుంది. "ఎందుకు చెయ్యలా? నన్ను చేసుకుని ముప్పయ్యేళ్లయింది, ముప్పై మాటలు మాట్లాడలా. అది రాయవే."

జక్రయ్యకు ఒళ్లు మండింది. సాయంత్రంలోగా ఇవ్వకపోతే పుస్తకంలో చోటుండదు. ఆ చర్చి గోడలకు మట్టి తొక్కిన వాళ్లలో మిగిలింది తనొక్కడే. ఇస్తేనేమో, దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధం. ఊరంతా నవ్వు.

శాంతి కలం కింద పడేసింది. "పాపం వద్దులే. చర్చి అంటే నీకు ముందు గుర్తొచ్చేదేంది? అదన్నా చెప్పు."

"ఘాటు."

"ఏం ఘాటు?"

"మిరప్పళ్ల ఘాటు."

ఒక్కో మాటా లాగాల్సి వచ్చింది. ఒక యేడు ఊళ్లో హనుమాయమ్మ కౌలు చేలో పండిన మిరపకాయలు చర్చి పక్క కల్లంలో ఎండుతున్నాయి. ఆరాధన మధ్యలో మబ్బు కమ్మింది. అప్పటి పాస్టరుగారు బైబిలు మూసేసి బయటికి దూకారు. అందరూ గంపలతో మోసి కాయలన్నీ చర్చిలో పోశారు. ఇక మనుషులకు చోటు లేదు. మిగతా ఆరాధన బయట వానలో తడుస్తూ కానిచ్చారు. ఆ తర్వాత చాలాకాలం పాట ఎత్తుకున్న వాళ్లంతా దగ్గేవాళ్లు.

జయకుమారి గరిటెతో బయటికొచ్చింది. "మన పెళ్లి ఆ వారమేగా! పెళ్లికూతురు ఒకటే ఏడుపు అనుకున్నారంతా. ఏడుపా పాడా, కళ్ల మంట!"

శాంతి కలం తీసుకుంది.

రాసిచ్చిన కాగితం చూసి పాస్టరుగారు నొసలు చిట్లించారు. "ఇందులో పాపమేదమ్మా?"

"లేదండి. వెతికి వెతికి అలిసిపోయామండి."

ఆదివారం శాంతి చదివింది. ఎన్నడూ చర్చికి రాని హనుమాయమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. వానలో ఆరాధన దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు తలలూపారు. పెళ్లికూతురి కళ్ల మంట దగ్గర ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. జక్రయ్య తల వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు.

తర్వాత సాల్మన్ వంతు.

"నేను ఒకప్పుడు త్రాగు..." అని ఆగాడు. జనం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మొదటి గంప మోసింది నేనే."

జక్రయ్య దిగ్గున లేచాడు. ఆయన సభలో నోరు తెరవడం ఎవరూ ఎరగరు.

"అబద్ధమాడకురా సాల్మన్! నువ్వు పాస్టరుగారికి గొడుగు పట్టావు. అది చెప్పు."