ఫిన్నీ జాడ చెప్పిందెవరు?

సరిహద్దులో సైనికుడిగా ఉన్న తన కొడుకు ఫిన్నీ ఏ ఊళ్లో, ఏ వంతెన పక్కన, ఏ బడి వెనక డేరా వేశాడో టీవీలో ఎర్రక్షరాలతో పరుగెత్తడం చూసి, ప్రసన్నకుమారి టీచరు ఇడ్లీ మింగడం మరిచిపోయింది.

ఛానెల్ పేరు ‘కోరుకొండ కేక’. పైన ఫిన్నీ పెళ్లి ఫొటో, మెడలో దండతో సహా. ఆ దండ చూసేసరికి ఆవిడ ప్రాణం సగం పోయింది. మిగతా సగం ఫోన్ మోగాక పోయింది.

“అమ్మా, మా యూనిట్లో తుని కుర్రాడొకడు ఆ వీడియో చూసి మా సుబేదార్ గారికి చూపించాడు. ఇప్పుడు అందరం డేరాలు పీకుతున్నాం. మేం ఎక్కడున్నామో నేను చెప్పింది నీకూ నాన్నకీ మాత్రమే. బయటపెట్టిందెవరో సాయంత్రంలోగా తేలకపోతే నామీదే ఎంక్వైరీ!”

మోకాలి నొప్పి మరిచి స్కూటరెక్కింది టీచరు. సిమెంటు కొట్టు మేడమీద ఉంది ఛానెల్ ఆఫీసు. యజమాని, రిపోర్టరు, యాంకరు అన్నీ దొరబాబే. ఆరో తరగతిలో ఆవిడ చేత గోడకుర్చీ వేయించుకున్నవాడు.

“ఒరేయ్, శత్రువుకి దారి చూపిస్తావా?”

“ఆయ్, అంత మాటనకండి టీచరుగారూ! మా కేబులు రాజానగరమే దాటదండి. పాకిస్తానోడికి ఎలా అందుద్దండి?”

“యూట్యూబులో పెట్టావుగా?”

“నలభై రెండు వ్యూసేనండి. అందులో ఇరవై మా ఆవిడవి.”

“మిగతా ఇరవై రెండూ ఎవరివిరా?”

దొరబాబు గతుక్కుమన్నాడు. ఆ లెక్క అతనెప్పుడూ వెయ్యలేదు.

“అయినా శత్రువుకి తెలుగొచ్చాండి?” అన్నాడు నీరసంగా.

“నీకొచ్చిన తెలుగు వాడికీ వచ్చే ఉంటుంది. నువ్వు రాసినదాంట్లో తెలుగెంత, ఊళ్ల పేర్లెంత? ముందు అది తీసెయ్!”

తీసేశాడు. “ప్రజలకి తెలుసుకునే హక్కుందండి,” అని గొణిగాడు.

“ఉంది. మా వాడు బతికున్నాడని తెలిస్తే చాలు. ఏ బడి వెనకున్నాడో ప్రజలకెందుకు? పాలు పోస్తారా? నీకెవరు చెప్పారో చెప్పు.”

“మీ చర్చిలోనేనండి! నిన్న సైనికుల కోసం ప్రత్యేక ప్రార్థనంటే కవరేజికొచ్చాను. మీరు రాలేదు గానీ, పాస్టరుగారు పెట్టెలోంచి ప్రార్థన చీటీలు తీసి మైకులో చదివారు. ఆ చీటీ ఫొటో తీసుకున్నా. ఇదిగోండి.”

టీచరు కళ్లజోడు సవరించుకుంది. చీటీ మీద పేరు లేదు. కానీ చిరునామా కుడివైపు కింద, మెట్లు మెట్లుగా దిగింది. చివర పిన్‌కోడుకి ఆరు గళ్లు గీసి, గడికో అంకె. పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లు ఉత్తరాలు విడదీసి రిటైరైన మనిషి తప్ప దేవుడికి అలా ఎవరూ రాయరు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ భర్త ఎజ్రా, తడిసిన మొక్కలకే మళ్లీ నీళ్లు పోస్తున్నాడు. టీచరు కొడుక్కి ఫోన్ కలిపి, ఆయన చేతిలో పెట్టింది. ఎజ్రా గొంతు సవరించుకున్నాడు.

“నాన్నా, స్పీకరు పెట్టి సుబేదార్ గారికి హిందీలో చెప్పు. రాసింది నేనే. మీ అమ్మకి తెలీదు. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు, నేను దేవుడికి తప్ప చెప్పలేదు. మన సంఘంలోనే నలుగురు ఫిన్నీలున్నారు. ఒట్టి ఫిన్నీ అని రాస్తే ఆయన ఎవరి దగ్గరికెళ్తాడని పూర్తి అడ్రసు రాశాను. పాస్టరుగారు మైకులో చదువుతారని నాకు తెలీదు... లేదు, అబద్ధం. తెలుసు. నా కొడుకు యుద్ధంలో ఉన్నాడని ఊరంతా వినాలనిపించింది. దొరబాబు కెమెరా నావైపు తిప్పితే చొక్కా కూడా సర్దుకున్నాను. ఆ పిల్లలందరి మీదా బాంబు పడుతుందేమోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు నాన్నా. అది కూడా చెప్పు.”