కుడి వైపు కుర్చీ

పంతొమ్మిదేళ్లుగా గాయని ఇన్షిరాహ్ కుడి వైపు కుర్చీ ఫిక్రీది. కైరోలో బాబ్ అల్-లూక్ సందులో ఉన్న ఆ పాటల హాలుకు రెండుసార్లు రంగులు మారాయి గానీ ఆ కుర్చీలో మనిషి మారలేదు. ఆవిడ ఒక చరణం పాడి ఊపిరి తీసుకునేలోపు ఫిక్రీ తన ఊద్ తీగల మీద దానికి జవాబు చెప్పేవాడు. ఆ జవాబు బాగుంటే ఆవిడ తల కాస్త వంచి అతని వైపు చూసేది. ఫిక్రీ బతికేది ఆ చూపు కోసమే. ప్రేమ అనుకునేరు, కాదు. ఇంట్లో భార్య ఉంది, ఆమె వండే ములూఖియా కూరంటే అతనికి ప్రాణం. ఇది వేరే ఆకలి.

ఆ గురువారం అతను వచ్చేసరికి ఆ కుర్చీలో వగీహ్ కూర్చుని ఉన్నాడు.

వగీహ్ కానూన్ అనే తీగల వాద్యం వాయిస్తాడు. నాలుగు వారాల కిందట అలెగ్జాండ్రియా నుంచి వచ్చాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. మొదటి వారం మూలన కూర్చున్నవాడు, రెండో వారం ఒక జవాబు లాక్కున్నాడు, మూడో వారం సగం జవాబులు అతనివే. ఇప్పుడు ఏకంగా కుర్చీకే ఎసరు పెట్టాడు.

"అది నా చోటు," అన్నాడు ఫిక్రీ.

"ఇన్షిరాహ్‌గారు ఇక్కడ కూర్చోమన్నారు ఉస్తాద్," అన్నాడు వగీహ్, ఒళ్లో కానూన్ సర్దుకుంటూ.

ఇన్షిరాహ్ సోంపు కషాయం తాగుతూ ఉంది. "ఎడమ వైపు కూర్చుంటే నీ ఊద్ అరిగిపోతుందా ఫిక్రీ? కూర్చో," అంది.

ఫిక్రీ కడుపు భగ్గుమంది. మింగలేక కక్కలేక ఎడమ వైపు కూర్చున్నాడు. ఇదివరకూ ఇలాంటివాళ్లు వచ్చారు. నాయ్ అనే పిల్లనగ్రోవి వాయించేవాడొకడు, తర్వాత ఒక వయొలిన్ వాద్యగాడు. ఇద్దరినీ ఆర్నెల్లు తిరక్కుండా సాగనంపింది తానేనని ఫిక్రీకి గర్వం. వీడెంత.

పాట రాస్త్ రాగంలో మొదలైంది. 'ఓ రాత్రీ, ఆ వాకిట్లో నా నీడ పడనివ్వకు' అని ఇన్షిరాహ్ ఎత్తుకుంది. ముందు వరసలో హాగ్ బయ్యూమీ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ముప్ఫై ఏళ్లుగా అదే కుర్చీలో వింటున్న మనిషి, ఆయన గ్లాసు పక్కన పెడితే హాలంతా సర్దుకు కూర్చుంటుంది. "మళ్లీ పాడు తల్లీ," అన్నాడాయన. ఆవిడ అదే చరణం రెండోసారి, మూడోసారి పాడింది, పాడినప్పుడల్లా కొత్తగా. ప్రతిసారీ వగీహ్ జవాబిచ్చాడు. ప్రతిసారీ ఆవిడ తల కుడి వైపే వంగింది.

నాలుగోసారికి ఫిక్రీ తెగించాడు.

రాస్త్ నుంచి సబా రాగానికి వెళ్లాలంటే మధ్యలో బయాతీ రాగంలో కాసేపు నిలబడి వెళ్లడం వాద్యగాళ్ల మర్యాద. ఎందుకంటే ఊద్‌కు వేలు జరిపితే చాలు, కానూన్‌కు రాగం మారినప్పుడల్లా తీగల కిందున్న ఇత్తడి మీటలు తిప్పుకోవాలి. ఆ వ్యవధి ఇవ్వకపోతే ఎంత మొనగాడైనా అపస్వరం పలికించాల్సిందే. ఫిక్రీకి ఇదంతా తెలుసు. తెలిసే, ఆవిడ ఊపిరి తీసుకున్న క్షణంలో అడ్డుపడి ఒక్క దూకున సబాలోకి దిగాడు. సబా ఏడుపు రాగం. తన కుళ్లంతా, ఆ కుర్చీ మీద బెంగంతా అందులో పోశాడు. పలికించరా అపస్వరం, అనుకున్నాడు.

అపస్వరం రాలేదు. వగీహ్ తీగల మీద నుంచి చేతులు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. హాల్లో ఊద్ ఒక్కటే మిగిలింది. ఇన్షిరాహ్ కళ్లు మూసుకుని ఫిక్రీ వెంటే సబాలోకి నడిచింది. ఆ గొంతు అలా వణకడం ఫిక్రీ చాలా ఏళ్లుగా వినలేదు. "అల్లాహ్," అని హాగ్ బయ్యూమీ లేచి నిలబడ్డాడు. వెనక వరసలో ఎవరో ఏడుస్తున్నారు. చరణం పూర్తయ్యాక ఆవిడ తల ఎడమ వైపుకు వంగింది.

గెలిచాననుకున్నాడు ఫిక్రీ. పాట అయ్యాక వెనక గదిలోకి వెళ్లి, ఓదార్చినట్టు నటించాడు.

"ఏమనుకోకు వగీహ్. నీకు మీటలు తిప్పుకునే వ్యవధి దొరకలేదు పాపం."

"నాకు వ్యవధి ఎందుకు ఉస్తాద్?" వగీహ్ కానూన్‌కు గుడ్డ చుడుతూ మామూలుగా అన్నాడు. "మధ్యాహ్నమే ఆవిడ ఫోన్ చేసి చెప్పారుగా. 'కుర్చీ నువ్వు తీసుకో, జవాబులు నువ్వే ఇవ్వు. మా ఫిక్రీ ఉడుక్కుని ఉడుక్కుని ఎక్కడో ఒకచోట సబాలోకి దూకుతాడు. దూకగానే చేతులు తీసెయ్. కడుపు మండితే తప్ప మనసు పెట్టి వాయించడు' అన్నారు. మీకు తెలుసనుకున్నాను."

ఫిక్రీకి నాయ్ వాద్యగాడు గుర్తొచ్చాడు. వయొలిన్ వాద్యగాడు గుర్తొచ్చాడు. వాళ్లున్న రోజుల్లో తాను ఎంత బాగా వాయించేవాడో కూడా గుర్తొచ్చింది.

ఇన్షిరాహ్ శాలువా కప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసింది. జరిగిందేమిటో ఆవిడకు అర్థమైంది, దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

"వచ్చే గురువారం ఏడింటికి," అంది. "వగీహ్, నువ్వు నా కుడి వైపే."

ఫిక్రీకి ఇప్పుడు అంతా తెలుసు. ఆవిడ ఎందుకలా అంటోందో కూడా తెలుసు. అయినా కడుపు మళ్లీ భగ్గుమంది.